ఒట్టు వేయించుకున్న నాన్నకు గుండె ఆపే సంగతి చెప్పాలా?

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు ముప్పై మూడేళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. నాన్నకు అరవై ఒకటి. జూట్ మిల్లులో మెయింటెనెన్సు ఫిట్టరుగా చాలా ఏళ్లు పనిచేశారు. మిల్లు మూతపడ్డాక మోటార్లు, పంపుసెట్లు బాగుచేస్తూ ఇల్లు నడిపారు. కిందటి సిరిమానోత్సవం రోజు కోట దగ్గర జనంలో నిలబడి ఉండగా కళ్లు తిరిగి పడిపోయారు. ఉపవాసం వల్లేమో అనుకున్నారు. తర్వాత మేడ మెట్లెక్కితే ఆయాసం, గుండెల్లో పట్టేసినట్టు ఉండటం మొదలయ్యాయి. విశాఖ తీసుకెళ్లి ఎకో తీయిస్తే, గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వు బాగా బిగుసుకుపోయిందని, మార్చాల్సిందేనని చెప్పారు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతి కూడా వచ్చింది. ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది.

చిక్కు ఎక్కడంటే, 2021లో కోవిడ్ రెండో విడతలో ఆమె పెదనాన్నను వెంటిలేటర్ మీద పెట్టారు. తొమ్మిది రోజులు. నాన్న ఆ తొమ్మిది రోజులూ ఆసుపత్రి బయట చెట్టు కింద కూర్చున్నారు. చివరికి శవాన్ని అప్పగించారు. "అన్నయ్య ఎప్పుడో పోయాడు, మెసీనే గాలి కొట్టింది" అని ఈనాటికీ అంటారట. ఆ పెదకార్యం అయిన రాత్రి కూతుర్నీ కొడుకునీ కూర్చోబెట్టి, "నాకేటైనా అయితే నన్ను మాత్రం మెసీను మీద ఎట్టకండి, పైడితల్లమ్మ మీద ఒట్టెయ్యండి" అన్నారు. ఇద్దరూ వేశారు.

ఇప్పుడు డాక్టరు ఈమెతో, ఈమె భర్తతో విడిగా చెప్పారు: ఆపరేషన్‌లో గుండెను ఆపుతారు, అంతసేపూ హార్ట్-లంగ్ మెషిను మీద ఉంచుతారు. నాన్న అప్పుడు ఎక్స్‌రే గదిలో ఉన్నారు. బెంగళూరులో ఉండే తమ్ముడు "చెప్పకక్కా, చెబితే ఆపరేషనే మానేస్తారు, చిన్న రిపేరని చెప్పేద్దాం" అన్నాడు. అలాగే చెప్పారు. నాన్న మాత్రం రోజూ సాయంత్రం అడుగుతున్నారట, "ఏటమ్మా, మెసీనేటీ ఉండదు కదా?" అని. "లేదు నాన్నా" అనేసి ఈమె వంటింట్లోకి వెళ్లిపోతున్నారు. అమ్మకు బీపీ, ఆమెకూ చెప్పలేదు. భర్తేమో అమ్మవారి మీద వేసిన ఒట్టు తప్పితే మంచిది కాదంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. అసలు ఆ మెషిను ఏం చేస్తుంది? పెదనాన్నను పెట్టిన మెషినూ ఇదీ ఒకటేనా? నాన్నకు చెప్పాలా, వద్దా?

అమ్మా,

ఈ శీర్షిక రాయకముందు చాలా ఏళ్లు నేను థియేటర్లో ఆ మెషిను ముందు స్టూలు మీద కూర్చున్నదాన్నే. మా ఉద్యోగాన్ని పెర్ఫ్యూజనిస్టు అంటారు. పేషెంట్లకు మా ముఖం తెలియదు, వాళ్లు నిద్రపోయాకే మా పని మొదలవుతుంది. అందుకే మీ ఉత్తరంలో మూడో ప్రశ్న అసలైనదని తెలిసినా, మొదటి రెండింటి దగ్గర కాసేపు ఆగుతాను. అవి తేలితే మూడోది సగం తేలుతుంది.

పెదనాన్నకు పెట్టినది వెంటిలేటర్. అది గొంతులోకి వేసిన గొట్టం ద్వారా ఊపిరితిత్తులకు గాలి పంపుతుంది. గుండె తన పని తానే చేసుకోవాలి. జబ్బుపడ్డ ఊపిరితిత్తులు కోలుకునేదాకా అది ఆసరా. కోలుకోకపోతే ఆ ఆసరా రోజుల తరబడి సాగుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే.

హార్ట్-లంగ్ మెషిను పని వేరు. అది ఆపరేషన్ బల్ల పక్కనే ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక అక్కడే ఉండిపోతుంది. వాల్వు ఒక్కటే మార్చే ఆపరేషన్‌లో దాని మీద ఉండేది మామూలుగా గంటన్నర, రెండు గంటలు. మేము థియేటర్లో దాన్ని "పంపు" అనే అంటాం. "పంపు మీదకెళ్లారా? పంపు దిగారా?" అని.

పంపు అన్న మాట మీ నాన్నకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నడుస్తున్న లైనులో వాల్వు పాడైతే ఫిట్టరు ఏం చేస్తాడు? ముందు పక్క నుంచి ఒక బైపాస్ లైను వేసి నీళ్లు అటు మళ్లిస్తాడు. అప్పుడు అసలు లైను కట్టేసి, ఖాళీ చేసి, పాత వాల్వు విప్పి కొత్తది బిగిస్తాడు. మేం చేసేదీ అంతే. తేడా ఏమిటంటే, గుండె దగ్గర లైను కట్టేస్తే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. కాబట్టి బైపాస్ ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

వరసగా చెబుతాను, ఆయన అడిగితే మీకు తడబాటు లేకుండా. ముందు హెపారిన్ అనే మందు ఇస్తారు. గొట్టాల్లోకి వెళ్లిన రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. అది సరిగా పనిచేసిందో లేదో పరీక్ష చేసి, కావలసిన సంఖ్య వచ్చేదాకా మేము పంపు మొదలుపెట్టం. సర్జన్ గుండె కుడి గదిలోకి ఒక పెద్ద గొట్టం, గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం మోసే పెద్ద నాళం అయోర్టాలోకి మరొకటి వేస్తారు. చెడు రక్తం మొదటి గొట్టం గుండా కిందికి మెషినులో ఉన్న తొట్టిలోకి జారుతుంది. ఎక్కువగా పల్లానికి జారటమే, అందుకే ఆపరేషన్ బల్ల తొట్టికంటే ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పంపు దాన్ని ఆక్సిజనేటర్ అనే డబ్బాలోకి నెడుతుంది. అందులో వెంట్రుకల్లా సన్నటి బోలు దారాలు వేలకొద్దీ ఉంటాయి. దారాల లోపల ఆక్సిజన్, బయట రక్తం. నల్లగా లోపలికి వెళ్లిన రక్తం ఎర్రగా బయటికొస్తుంది. ఎన్ని ఏళ్లు చూసినా ఆ రంగు మారటం దగ్గర నా చూపు ఒక్క క్షణం ఆగేది. పక్కనే రక్తాన్ని చల్లబరిచే, వేడిచేసే ఏర్పాటు, ఆ తర్వాత గాలి బుడగల్ని పట్టే ఫిల్టర్. అది దాటి రక్తం రెండో గొట్టంలోంచి ఒంట్లోకి వెళ్తుంది. పెద్ద మనిషికి నిమిషానికి నాలుగైదు లీటర్లు. ఒంట్లో ఉండే రక్తం కూడా దాదాపు అంతే, అంటే నిమిషానికోసారి మొత్తం రక్తం మా చేతుల మీదుగా తిరిగి వెళ్తుందన్నమాట.

ఆ సమయంలో ఊపిరితిత్తులకు కూడా పని లేదు, కాబట్టి వెంటిలేటర్ ఆపేస్తారు. మీ నాన్న భయపడే మెషిను, అసలు ఆపరేషన్ జరిగే ఆ గంటన్నరా ఆగి ఉంటుంది!

ఇక గుండె ఆపటం. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. అయోర్టాకు ఒక క్లాంపు వేసి, పొటాషియం కలిపిన చల్లటి ద్రావణాన్ని గుండె సొంత రక్తనాళాల్లోకి పంపుతారు. గుండె కొట్టుకోవడం మానేస్తుంది. తెర మీద గీత తిన్నగా అయిపోతుంది. అది చావు గీత కాదు. కొట్టుకుంటున్న గుండెకు చాలా ఆక్సిజన్ కావాలి, చల్లగా కదలకుండా ఉన్న గుండెకు బహు కొద్దిగా చాలు. గుండెను కాపాడటం కోసమే దాన్ని నిద్రపుచ్చుతారు. పైగా ఎగిరెగిరిపడే గుండెలో అంత సన్నని కుట్లు వేయటం ఎవరి వల్లా కాదు. కొత్త వాల్వు కుట్టాక క్లాంపు తీస్తారు. వెచ్చని రక్తం తగిలేసరికి చాలా గుండెలు వాటంతటవే కదలటం మొదలుపెడతాయి, కొన్నిటికి చిన్న షాకు ఇవ్వాలి. ఆ తర్వాత మేము పంపును కొద్దికొద్దిగా తగ్గిస్తూ, భారం గుండె మీదకి వదులుతూ వస్తాం. సైకిలు నేర్పేవాళ్లు వెనక సీటు పట్టుకుని, పట్టు సడలించి, వదిలేసినట్టు. గుండె నిలదొక్కుకున్నాక హెపారిన్‌కు విరుగుడు మందు ఇస్తారు. అది సాల్మన్ లాంటి చేపల నుంచి తీసే మందు. అందుకే చేపలు పడనివాళ్లు ముందే చెప్పాలి. మీ ఇంట్లో ఆ బాధ ఉన్నట్టు లేదు, ఉత్తరంలో రెండుచోట్ల నెత్తళ్ల కూర వచ్చింది.

కరెంటు పోతే అని మీ నాన్న తప్పకుండా అడుగుతారు. హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం కదా. మెషినుకు బ్యాటరీ ఉంటుంది, ఆసుపత్రికి జనరేటరు ఉంటుంది, అవి కూడా ఆగితే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. నేను దాన్ని శిక్షణలోనే తప్ప నిజంగా తిప్పాల్సిన రోజు రాలేదు. కానీ ప్రతి కేసుకు ముందూ అది చేతికందేచోట ఉందో లేదో చూసుకున్నాకే కూర్చునేదాన్ని.

ఈ మెషిను పుట్టింది కూడా మీలాంటి నిస్సహాయతలోంచే. 1930-31 ప్రాంతంలో బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే కుర్ర సర్జన్, ఊపిరితిత్తుల నాళంలో రక్తం గడ్డ అడ్డుపడ్డ ఒక స్త్రీ పక్కన రాత్రంతా కూర్చుని ఆమె నల్లబడిపోవటం చూశాడు. ఈ నల్ల రక్తాన్ని కాసేపు బయటికి తీసి ఎర్రగా చేసి పంపగలిగితే చాలు కదా అనుకున్నాడు. ఆయనా, ఆయన భార్య మేరీ కలిసి ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి గుండెలో రంధ్రం మూశారు. ఇరవై ఆరు నిమిషాలు ఆమె గుండె, ఊపిరితిత్తుల పనంతా మెషినే చేసింది. ఆ మరుసటి ఏడాది మిన్నెసోటాలో లిల్లీహై అనే సర్జన్ మెషిను లేకుండానే చేశాడు. బిడ్డ రక్తనాళాల్ని తండ్రి రక్తనాళాలకు కలిపి, ఆపరేషన్ అయ్యేదాకా తండ్రి ఊపిరితిత్తులతో బిడ్డ రక్తాన్ని శుభ్రం చేయించాడు. అలా 45 మంది పేషెంట్లకు చేశారు. మీరు ఉత్తరం చివర "నా గుండె ఇచ్చేయమన్నా ఇస్తాను" అని రాశారు చూడండి, అక్కడ నాకు అది గుర్తొచ్చింది.

అంతా బాగుంటుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. రక్తం గొట్టాల్లో తిరగటం ఒంటికి అలవాటు లేని పని. రక్తస్రావం కావచ్చు. మూత్రపిండాలు కొన్నాళ్లు మందగించవచ్చు, అందుకే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష ముందే చేస్తారు. గుండె లయ తప్పటం మొదటి వారంలో చాలామందికి వచ్చి పోతుంది. పక్షవాతం తక్కువమందికే, కానీ ఆ ప్రమాదం ఉంది. కొన్ని వారాలు మతిమరుపు, చికాకు, పెద్దగా కారణం లేకుండా ఏడుపు రావచ్చు. మీ నాన్న వయసుకు, ఆయన రిపోర్టులకు ఈ ప్రమాదం ఎంతో సర్జన్‌ను సూటిగా అడగండి, లెక్క చెబుతారు. ఇంకో పక్క లెక్క కూడా తెలియాలి. బిగుసుకుపోయిన అయోర్టిక్ వాల్వుతో కళ్లు తిరిగి పడటం, ఆయాసం మొదలయ్యాక, వాల్వు మార్చకుండా వదిలేస్తే సగం మంది రెండు, మూడేళ్లకు మించి ఉండరు. మందులు ఆయాసాన్ని కొంత తగ్గిస్తాయి కానీ వాల్వును తెరవలేవు.

ఇప్పుడు మూడో ప్రశ్న. తమ్ముడు చెప్పిన దారి ఎక్కడికి పోతుందో ముందు చూద్దాం. అతను చెడ్డవాడు కాదు, దూరంగా ఉన్నవాళ్లకు భయం ఇంకా ఎక్కువ. కానీ ఈ అబద్ధం మూడు వారాలు నిలవదు. స్పృహలో ఉన్న పేషెంటు ఒప్పందం కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలి. ముందురోజు మత్తు డాక్టరు వచ్చి మాట్లాడతారు. వార్డులో పక్క బెడ్డాయన తన ఛాతీ మీద కుట్లు చూపించి, "నన్ను రెండుగంటలు పంపు మీద ఉంచారు" అని గర్వంగా చెప్పేస్తాడు. ఆపరేషన్ ముందురాత్రి ఈ సంగతి పక్క బెడ్డాయన నోటి నుంచి తెలిస్తే మీ నాన్న ఏం చేస్తారో నాకంటే మీకే బాగా తెలుసు.

సరే, ఎవరూ చెప్పలేదనుకోండి. నాకు భయమేసేది అక్కడే. ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో కొన్ని గంటలు, ఒక్కోసారి మర్నాటి ఉదయం వరకు, వెంటిలేటర్ ఉంటుంది. మత్తు దిగేసరికి గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు. గొట్టం లాగేసుకోకుండా చేతులు మెత్తగా కట్టి ఉంచవచ్చు కూడా. ముందే తెలిసినవాళ్లు "ఆ, చెప్పారు కదా" అనుకుని నర్సు చెప్పినట్టు ఊపిరి తీసుకుంటారు, గొట్టం తొందరగా తీసేస్తారు. మీ నాన్న కళ్లు తెరిచి ఏమనుకుంటారు? అన్నయ్యకు పట్టిన గతే తనకూ పట్టిందని, పిల్లలిద్దరూ ఒట్టు తప్పారని అనుకుంటారు. అడగటానికి నోరు లేదు. అలాంటి పేషెంట్లు పెనుగులాడటం నేను చూశాను.

ఇంకొకటి ఉంది, మీ ఉత్తరంలో లేనిది. ఏ వాల్వు వేయాలి? లోహపు వాల్వు అయితే చాలాకాలం మన్నుతుంది, కానీ బతికినంతకాలం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచు చేయించాలి, గాయం తగిలితే రక్తం తొందరగా ఆగదు. చేతులకు ఎప్పుడూ ఏదో గీరుకునే పని చేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. కణజాలపు వాల్వు అయితే ఆ మాత్ర బాధ చాలావరకు ఉండదు, కానీ పది, పదిహేనేళ్లకు అరిగిపోయి మళ్లీ ఏదో ఒకటి చేయాల్సి రావచ్చు. ఆ వాల్వును ఆవు జాతి పశువు గుండె చుట్టూ ఉండే పొరతోనో, పంది వాల్వుతోనో చేస్తారు. మీ ఇంట్లో దీనికి అభ్యంతరం ఉంటుందో లేదో నాకు తెలియదు. అరవై ఒకటి అటూ ఇటూ కాని వయసు, డాక్టర్లు చాలాసార్లు పేషెంటు ఇష్టానికే వదులుతారు. చిన్న రిపేరు అనుకుంటున్న మనిషి దీన్ని ఎలా తేల్చుకుంటారు? ఆయన తరఫున మీ తమ్ముడు తేల్చటం నాకైతే సబబుగా అనిపించదు.

చెప్పాలనుకుంటే, చెప్పే తీరుల్లో తేడా ఉంది. మీరే ఒక్కరే కూర్చుని మొత్తం చెప్పేయవచ్చు. నమ్మకం నిలుస్తుంది, కానీ ఆయన "వద్దు" అని లేచిపోతే ఆ మాటకు బదులు చెప్పటానికి పక్కన ఎవరూ ఉండరు. ఇంకో దారి, ఓపీ రోజు ఆయన్నే సర్జన్ ముందు కూర్చోబెట్టి అడగనివ్వటం. సర్జన్‌కు ముందే పెదనాన్న వెంటిలేటర్ సంగతి చెప్పి ఉంచండి. పెర్ఫ్యూజనిస్టుతో పది నిమిషాలు మాట్లాడే వీలుందా అని కూడా అడగండి. చాలామంది ఇష్టంగా వస్తారు, మమ్మల్ని అడిగేవాళ్లే ఉండరు. అయితే ఓపీలో జనం, తొందర. డాక్టరు కసిరితే పని చెడుతుంది. నేనైతే రెండూ కలుపుతాను. ఇంట్లో ఒట్టు సంగతి, ఆసుపత్రిలో మెషిను సంగతి.

అసలు మెషిను లేకుండా చేసే దారి లేదా అనీ ఆయన అడగొచ్చు. ఉంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టంతో కొత్త వాల్వును తీసుకెళ్లి పాతదాని లోపలే తెరిచే పద్ధతి. టావీ అంటారు. గుండె ఆపరు, ఛాతీ కోయరు. ఎక్కువగా బాగా వయసు మళ్లినవాళ్లకు, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు చేస్తారు. ఖర్చు పది లక్షలు దాటిపోతుంది, పథకం కింద మీకు మంజూరైంది ఇది కాదు. మీ నాన్న వాల్వు ఆకారానికి అది సరిపోతుందా అన్నది సీటీ స్కాన్ చూసి చెప్పాలి. అడగటంలో తప్పు లేదు. దానికోసం ఇల్లు తాకట్టు పెట్టేముందు మాత్రం రెండో డాక్టరు మాట కూడా వినండి.

ఇక ఒట్టు. మీ ఆయన మాటను కొట్టిపారేయను, విజయనగరంలో పుట్టినవాళ్లకు పైడితల్లమ్మ మీద ఒట్టంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే దాన్ని మీ అంతట మీరు అర్థం మార్చి, "ఇది ఆ మెషిను కాదులే" అని సరిపెట్టుకోవద్దు. వేయించుకున్న మనిషి బతికే ఉన్నారు కదా, ఆయన్నే అడగండి. "నాన్నా, ఆ రోజు నువ్వు ఏ మెషిను గురించి వేయించుకున్నావు?" అని. నా ఊహ, ఆయన భయం మెషిను గురించి కాదు. తిరిగొచ్చే ఆశ లేని తొమ్మిది రోజుల గురించి. ఆ భయం న్యాయమైనదే, దానికి జవాబు కూడా ఉంది. ఆపరేషన్ తర్వాత ఏదైనా తేడా వచ్చి రోజుల తరబడి వెంటిలేటర్ మీదే ఉండాల్సి వస్తే ఏం చేయాలో, ఎన్నాళ్లు చూడాలో, ఎవరు డాక్టర్లతో మాట్లాడాలో ఆయన నోటితోనే ముందు చెప్పించుకోండి, సర్జన్‌కూ చెప్పండి. అప్పుడు మీరు ఒట్టు తప్పినవాళ్లు కారు, దాన్ని సరిగ్గా మోస్తున్నవాళ్లవుతారు.

అన్నీ విని కూడా ఆయన వద్దంటే? అది జరగవచ్చు, నేను కాదనను. అప్పుడు ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఈలోగా మళ్లీ పడిపోతారేమోనన్న భయం మీకు ఉంటుంది. మందులు వాడుతూ, బరువులెత్తకుండా, మెట్లెక్కకుండా కొంతకాలం గడుస్తుంది. కొందరు రెండు నెలల్లో మనసు మార్చుకుని వాళ్లే వస్తారు. కొందరు రారు. ఆ నిర్ణయం ఆయన తెలిసి తీసుకున్నదైతే మీరు దాన్ని మోయగలరు. మోసంతో థియేటర్లోకి పంపాక ఏదైనా జరిగితే మోయగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

అమ్మ సంగతి ఒక్క ముక్క. బీపీ ఉన్నా ఆవిడ దగ్గర దాచొద్దు. మీరు వంటింట్లోకి వెళ్లిపోతున్నది ఆవిడ చూడటం లేదనుకుంటున్నారా? చెప్పే రోజు ఆవిడ కూడా పక్కనే ఉండాలి. తమ్ముణ్ణి ఫోన్లో కాదు, మనిషిని రమ్మనండి. నాన్న చుట్ట కాల్చేవారైతే ఇవాళే మానిపించండి, పళ్లు ఒకసారి డాక్టరుకు చూపించండి, పుచ్చుపళ్ల నుంచి సూక్ష్మక్రిములు కొత్త వాల్వుకు పట్టవచ్చు.

సాయంత్రం ఆయన మళ్లీ అడుగుతారు. ఈసారి లేచి వెళ్లిపోకండి. "ఉంది నాన్నా, పెదనాన్నకు పెట్టింది కాదు, నువ్వు బిగించే బైపాస్ లాంటిది. ఆపరేషన్ అయ్యాక మాత్రం పెదనాన్నకు పెట్టినదే కొన్ని గంటలు ఉంటుంది, నీకు మెలకువొచ్చి ఊపిరి నువ్వే తీసుకోగానే తీసేస్తారు. నిన్ను అడక్కుండా ఏమీ చేయనివ్వం. ఒట్టు తీసి గట్టున పెట్టమని నువ్వు చెబితేనే పెడతాం" అనండి. ఆయన చాలాసేపు మాట్లాడకపోవచ్చు. ఫిట్టరు కాబట్టి తర్వాత అడిగే మొదటి ప్రశ్న, "ఆ పంపుకి స్పేరు ఉంటాదా?" అని అయ్యుండొచ్చు. ఉంటుందని చెప్పండి.